కొన్నవారి వస్తువు, చేసినవారి తాళము

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మన పాఠశాల గ్రంథాలయమునకు పండ్రెండు ట్యాబులు బహుమానముగా వచ్చిన సంగతి పైతరగతుల విద్యార్థులెఱుగుదురు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మన పూర్వవిద్యార్థి యొకరు, తమ కార్యాలయమువారు పాతవాటిని తీసివేసి క్రొత్తవి కొన్నప్పుడు, వారి యనుమతితో వాటిని తుడిచి, అందలి సమాచారమంతయు చెఱిపి, పెట్టెలో భద్రముగా పంపిరి. ఒక్కదాని యద్దమైనను పగులలేదు. విద్యుత్తు ఎక్కింపగా పండ్రెండును వెలిగినవి. అయితే వెలిగిన ప్రతిదియు ఒకే ప్రశ్న వేసెను. ఇంతకుముందు ఈ పరికరమును వాడినవారి ఖాతా పేరేమి? వారి రహస్యపదమేమి? ఈ ప్రశ్నకు మాలో నెవ్వరమును ఉత్తరము చెప్పలేకపోతిమి.

వాటిలో నొకదానిని సంచిలో వేసికొని, బజారులో సెల్లుఫోనులు బాగుచేయు నతనియొద్దకు పోతిని. అతడును మన పాఠశాలలో చదివినవాడే. ట్యాబును ఇటునటు త్రిప్పి చూచి, "మాస్టారూ, వస్తువు బంగారంలా ఉందండి. కాని దీన్ని తెరవటం నా చేతిలో పని కాదు. దీని తాళంచెవి ఇందులో లేదు, కంపెనీవాళ్ళ దగ్గిర ఉంది" అనెను.

ఈ మాట నా మనస్సులో నాటుకొనెను. మా తండ్రిగారికి ఒక పాత రేడియో యుండెడిది. అది మూగవోయినప్పుడెల్ల ఆయన వెనుక మూత విప్పెడివారు. ఆ మూత లోపలివైపున దాని తీగెల పటము అచ్చొత్తించి యంటించియుండిరి. లోపల నేమేమి యున్నదో చేసినవారే కొన్నవారికి చూపియుండిరన్నమాట. నేటి ట్యాబులో ఆ పటమునకు బదులు ముద్ర యున్నది. పూర్తివెల యిచ్చి కొన్న వస్తువుమీద, కొన్నపిమ్మట దానిని చేసినవారికి ఎంతవఱకు అధికారముండవచ్చును? ఈ ప్రశ్ననే యిక్కడ విచారింపదలచితిని.

ఈ వివాదము సెల్లుఫోనుతో పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్దిలో చిరకాలము అమెరికాలో టెలిఫోను వ్యాపారము చాలవఱకు ఏ.టి. అండ్ టి. యను కంపెనీ చేతిలో నుండెను. ఇంటిలోని టెలిఫోను సైతము చందాదారునిది కాదు, కంపెనీదే. చందాదారుడు నెలనెల అద్దె చెల్లించి వాడుకొనెడివాడు. (మన దేశములోను చాలకాలము ఇంటి టెలిఫోను తంతితపాలా శాఖవారి సొత్తుగనే యుండెడిది.) కంపెనీవారు తాము ఇయ్యని యే వస్తువును టెలిఫోనునకు తగిలింపరాదని నియమము పెట్టిరి. అట్టి కాలమున హష్-ఏ-ఫోన్ అను నొక చిన్న పరికరము అమ్మకమునకు వచ్చినది. అది యొక దొప్పవంటిది. మాటలాడు గొట్టమునకు దానిని తగిలించి, అందులో నోరుంచి మెల్లగా మాటలాడినచో ప్రక్కనున్నవారికి వినబడదు. అందులో తీగె లేదు, విద్యుత్తు లేదు. దానినిగూడ కంపెనీవారు నిషేధించిరి.

దొప్పను చేసినవారు 1948లో ఎఫ్.సి.సి. యను ప్రభుత్వసంఘమునకు ఫిర్యాదు చేసిరి. 1955లో సంఘము కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. వారు న్యాయస్థానమునకు పోయిరి. 1956లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. చేయి అడ్డముపెట్టుకొని మాటలాడువానిని ఎవ్వరును తప్పుపట్టనప్పుడు, అదే పనిని దొప్పతో చేయువానిని తప్పుపట్టుట యేల యని న్యాయమూర్తుల విచారము. చందాదారునికి మేలు చేయుచు ఇతరులకు కీడు చేయని వాడుకను కంపెనీ అడ్డగింపరాదని వారు నిర్ణయించిరి. మేలు వానికి, కీడు లేమి లోకమునకు అను ఈ కొలబద్దను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ వ్యాసములో మరల దీనితో పని గలదు.

పండ్రెండు సంవత్సరములకు, అనగా 1968లో, ఇంతకంటె పెద్ద తీర్పు వచ్చెను. టెక్సస్ రాష్ట్రమున థామస్ కార్టర్ అను నతడు కార్టర్‌ఫోన్ అను యంత్రమును చేసెను. దూరపు పొలములలోను నూనెబావులయొద్దను రేడియో పట్టుకొని తిరుగువారు ఊరిలోని టెలిఫోనుతో మాటలాడుటకది యుపయోగపడును. తీగెకు తీగె కలుపుట లేదు. టెలిఫోను చేతిగొట్టమును ఒక తొట్టెలో నుంచినచో, ధ్వనియే ఆ తొట్టెనుండి రేడియోకును, రేడియోనుండి తొట్టెకును పోవును. అట్టివి దాదాపు 3,500 అమ్ముడుపోయినవి. వీనినిగూడ టెలిఫోను కంపెనీ నిషేధింపగా, ఎఫ్.సి.సి. ఈసారి కార్టరు పక్షము వహించి, ఆ నిషేధము న్యాయము కాదనెను. అటుపిమ్మట 1970వ దశకములో ఏర్పడిన నియమములచేత, తగిన పరీక్షలో నెగ్గిన పరికరము నెవరైనను టెలిఫోను తీగెకు తగిలించుకొనవచ్చునను స్థితి యేర్పడెను. ఉత్తరము చెప్పు యంత్రములు, ఫ్యాక్సు యంత్రములు, మోడెములు ఆ ద్వారముననే ఇండ్లలోనికి వచ్చినవి. ఇంటర్నెట్టు మొదట టెలిఫోను తీగెలమీదుగనే ఇండ్లకు చేరినది గదా! ఒక దొప్పతో మొదలైన తగవు ఎంతదూరము పోయెనో చూడుడు.

ఆ కాలపు నిషేధము కాగితముమీది నిషేధము. దొప్పను తగిలించినవాని టెలిఫోను మూగవోలేదు. కంపెనీవారు కనిపెట్టినయెడల సేవను నిలుపవచ్చును, అంతియే. నేటి నిషేధము వస్తువులోపలనే యున్నది. అది యెట్లు పనిచేయునో గణితము తెలిసిన విద్యార్థులకు కష్టము కాదు గనుక కొంచెము వివరించెదను.

ఫోనునకు ప్రాణము వచ్చినతోడనే మొట్టమొదట మేలుకొనునది, కర్మాగారములోనే చిప్పుమీద ముద్రింపబడిన యొక చిన్న ప్రోగ్రాము. దానిని ఎవ్వరును మార్చజాలరు, చేసినవారును మార్చజాలరు. అది రెండవ ప్రోగ్రామును పిలుచును. పిలుచుటకుముందు దానిమీద కంపెనీవారి సంతకము గలదా యని పరీక్షించును. సరియైనచో లోనికి రానిచ్చును, కాదేని ఫోను అక్కడనే నిలిచిపోవును. రెండవది మూడవదానిని అట్లే పరీక్షించును. ఇట్లు ఒకదానిచేయి యొకటి పట్టుకొని, కడపట మనము తెరమీద చూచు నంతటిని నడపు పెద్ద ప్రోగ్రాము లేచును. కోటలో ఏడు ద్వారములుండి, ప్రతి ద్వారపాలకుడును రాజముద్రను చూచినగాని విడువనట్లు ఇది జరుగును.

ఈ సంతకము సిరాతో చేసినది కాదు, సంఖ్యలతో చేసినది. 83ను 97చేత గుణింపుమనిన ఆఱవ తరగతి బాలుడు 8,051 అని వెంటనే చెప్పును. కాని 8,051 ఏ రెండు ప్రధానసంఖ్యల లబ్ధమని యడిగినచో పదవ తరగతి విద్యార్థియు కొంతసేపు పెన్సిలు కొఱుకును. గుణించుట సులభము, విడదీయుట కష్టము. ఈ చిన్న సత్యముమీదనే 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు పండితులు ఒక సంతకపు పద్ధతిని కట్టిరి. ఇందు రెండు చెవులుండును. ఒకటి సంతకము చేయునది, రెండవది సంతకమును గుర్తించునది. గుర్తించు చెవిని లోకమంతటికిని ఇయ్యవచ్చును. చేయు చెవి కంపెనీవారి ఖజానా దాటి రాదు. ఫోనులో నుండునది గుర్తించు చెవి మాత్రమే. నేడు ఈ పద్ధతిలో వాడు సంఖ్యలు 600 అంకెలకు మించియుండును. అట్టి సంఖ్యను విడదీసి దొంగసంతకము చేయుటకు నేడున్న కంప్యూటర్లన్నియు కూడినను శక్తి చాలదు. ప్రోగ్రాములో ఒక్క యక్షరము మార్చినను పాత సంతకము చెల్లదు. ఇవిగాక వేఱు గణితములతో చేయు సంతకములును గలవు, కాని భావమొక్కటే.

కావున నా ట్యాబు వెనుక మూత తెఱచినందున ప్రయోజనము లేకపోయినది. అందులో రాతిగోడవలె నిలిచినది ఇనుము కాదు, గణితము.

ఇంతమాత్రముచేత కంపెనీవారిని దొంగలనుట న్యాయము కాదు. ఈ ముద్రవలన మేలు కలదు, అదియు చిన్న మేలు కాదు. మన ఫోనులో బ్యాంకు ఖాతా గలదు, కుటుంబపు ఛాయాచిత్రములు గలవు. దుష్టుడెవడైనను తన ప్రోగ్రామును దొంగచాటుగా ఫోనునకు అడుగున చేర్చినచో మనకు తెలియనైనను తెలియదు. ద్వారపాలకులు వానిని నిలుపుచున్నారు. ఇక మా ట్యాబులను బంధించిన ఖాతాతాళము సంగతి. 2013లో ఆపిల్ కంపెనీ తన ఐఫోనులకు అట్టి తాళము పెట్టినది. యజమాని రహస్యపదము లేనిదే దొంగిలించిన ఫోను ఎంత తుడిచినను పనికిరాదు. లండను, న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో ఆ పిమ్మట ఐఫోనుల దొంగతనములు తగ్గినవని అక్కడి యధికారులు చెప్పిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 2014లో శాసనము చేసి, 2015 జూలై నుండి అచ్చట అమ్ము ఫోనులన్నిటికిని అట్టి రక్షణ యుండవలెనని విధించినది. మా ట్యాబు నన్ను ప్రశ్నించినప్పుడు, ఒకవిధముగ, అది నన్ను దొంగయని యనుమానించినది. దాని యనుమానము తప్పు కాదు. నా చేతిలోనున్నది బహుమానమో దొంగసొమ్మో దానికెట్లు తెలియును?

అట్లయిన తప్పెక్కడ నున్నది? తాళముండుట తప్పు కాదు. మన యింటికి మనమే తాళము వేసికొందుము. అయితే ఇల్లు కట్టిన మేస్త్రి చెవిని తనయొద్దనే యుంచుకొని, మనము గోడకు మేకు కొట్టవలసినప్పుడెల్ల వచ్చి సెలవడుగుమనినచో, అది ఎవరి యిల్లు?

ఇందుకు సమాధానముగా కంపెనీవారు తఱచు చెప్పునది, చెవి మీకిచ్చినచో భద్రత పోవునని. ఇది పూర్తిగా సత్యము కాదనుటకు ఒక నిదర్శనము మన కన్నులయెదుటనే యున్నది. గూగుల్ కంపెనీవారి పిక్సెల్ ఫోనులలో, కొన్ని టెలిఫోను కంపెనీలద్వారా అమ్మబడినవి తప్ప తక్కినవానిలో, యజమాని కోరినచో ద్వారపాలకుని తొలగించుకొనవచ్చును. అట్లు చేసినప్పుడు ఫోనులోని సమాచారమంతయు చెఱిగిపోవును. కావున దొంగ చేసినను వానికి మన రహస్యములు దక్కవు. అటుపిమ్మట ఫోను వెలిగిన ప్రతిసారియు తెరమీద ఒక హెచ్చరిక కనబడును. అంతేకాదు, యజమాని తాను నమ్మినవారి ప్రోగ్రామును చేర్చి, వారి గుర్తింపుచెవి నుంచి, ద్వారములను మరల మూసికొనవచ్చును. కోట అదియే, ద్వారపాలకులు వారే, మారినది రాజముద్ర మాత్రమే. భద్రతయు స్వాతంత్ర్యమును ఒకే యింట కాపురముండగలవని దీనివలన తెలియుచున్నది. అయినను పెక్కు కంపెనీలు ఈ సౌకర్యమును ఇయ్యవు. మొదట ఇచ్చి, తరువాత తీసికొన్నవారును గలరు. సోనీ కంపెనీవారు 2006లో అమ్మకమునకు తెచ్చిన ప్లేస్టేషన్ 3 అను ఆటయంత్రములో లినక్స్ అను ప్రోగ్రామును గూడ నడుపుకొనవచ్చునని చెప్పిరి. 2010 ఏప్రిల్ 1వ తేదీన ఒక సవరణ పంపి ఆ సౌకర్యమును తీసివేసిరి. అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమని కొందఱు తలచిరేమో తెలియదు గాని, పరిహాసము కాదు, సత్యమే.

ఈ చెవి ఎవరియొద్ద నున్నదను ప్రశ్న తెలుగువారికి మిక్కిలి చేరువగా వచ్చిన సందర్భమొకటి గలదు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగక్షరమొకటి ప్రపంచవార్తలకెక్కెను. జ్ఞ యను సంయుక్తాక్షరమునకు దీర్ఘము చేర్చునప్పుడు, నడుమ కంటికి కానరాని యొక ప్రత్యేకపు గుర్తు వచ్చినచో, ఆ యక్షరమును తెరమీద చూపవలసిన ఐఫోను దానిని చూపలేక తడబడి, ఆ యాప్ మూసికొనిపోయెడిది. మరల తెఱచినను, అక్షరమక్కడనే యుండును గావున మరల మూసికొనిపోవును. మనము దినదినము వ్రాయు 'జ్ఞానము' అను మాటలో ఆ కానరాని గుర్తుండదు, కావున దానివలన భయము లేకుండెను. అయినను కొందఱు ఆకతాయిలు ఆ యక్షరమును పనిగట్టుకొని ఒకరికొకరు పంపుకొనిరి. జ్ఞానమునకు మొదటి యక్షరము యంత్రములకు మారకమగుట విపరీతముగదా!

ఇందులో విచారింపవలసినది వేఱొకటి. ఆ యక్షరము పుట్టినది మన భాషలో. దాని కూర్పు ఏ విధముగా వ్రాయవలెనో మన పల్లెటూరి బడిపంతులునకును తెలియును. ప్రోగ్రాములు వ్రాయుటలో ఆఱితేఱిన తెలుగు యువకులు వేలకొలది గలరు. అయినను వారిలో నెవ్వరును తమ చేతిలోని ఐఫోనులో ఆ లోపమును తామే సవరించుకొనజాలరు. లోపమున్న ప్రోగ్రాము ముద్రవేసిన ప్రోగ్రాము గనుక, ముద్ర గలవారే దానిని మార్చవలెను. వారు ఫిబ్రవరి 19వ తేదీన సవరణ పంపిరి. ప్రపంచమందలి ఐఫోనులన్నిటికిని కొలదిదినములలోనే మందు చేరినది. ఇది ఆ పద్ధతియందలి గొప్పతనమే, కాదనరాదు. కాని ఆ లోపము ప్రపంచవార్త కాకుండ, మన భాష వారికి మాత్రమే కలిగిన చిన్న యిబ్బందియై యుండినచో, ఎన్నాళ్ళు కాచుకొనియుండవలసివచ్చెడిదో ఎవరు చెప్పగలరు? స్మార్టుఫోనులు వచ్చిన తొలి సంవత్సరములలో తెలుగు లిపియే చూపజాలని ఫోనులు పెక్కుండెను. అందు తెలుగు చదువగోరినవారు ద్వారపాలకులను తప్పించి అక్షరములను చేర్చుకొనెడివారు. కంపెనీ పూచీ పోవచ్చునని తెలిసియు, మాతృభాషలో ఉత్తరము చదువుకొనుటకు అంత సాహసము చేసిరి.

చెవి ఇతరులయొద్ద నున్నప్పుడు మనకు వచ్చు నష్టములు ఒక్కరీతివి కావు. విద్యార్థులకు బాగుగా నాటునది పుస్తకముల సంగతి. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ తన కిండిల్ అను చదువు యంత్రమునకు అమ్మిన రెండు పుస్తకములను, ఆ ప్రతులు అమ్మినవారికి హక్కు లేదని తెలిసి, కొన్నవారి యంత్రములనుండి వారి నడుగకయే తొలగించినది. సొమ్ము తిరిగి ఇచ్చినది. ఆ పుస్తకములలో నొకటి జార్జి ఆర్వెల్ వ్రాసిన '1984' అను నవల. ప్రభుత్వము పాతవ్రాతలను చెఱిపివేయుటను గుఱించిన నవల యదియే యగుట యొక చిత్రము. (ఆర్వెల్ జన్మస్థానము మన దేశమందలి బీహారులోని మోతీహారి యని కొందఱికి తెలియకపోవచ్చును.) మిచిగన్ రాష్ట్రమున ఒక హైస్కూలు విద్యార్థి బడిపనికై ఆ పుస్తకమును చదువుచు, అంచులలో తన టీక వ్రాసికొనియుండెను. పుస్తకము పోగా, శ్లోకము పోయి టీక మిగిలినట్లు, అతని వ్రాత నిరుపయోగమయ్యెను. అతడు న్యాయస్థానమునకు పోయెను. కంపెనీ యధిపతి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఇకముందు అట్లు చేయమని కంపెనీ కొన్ని నియమములకు లోబడి మాట యిచ్చెను. తాటాకు గ్రంథమునకు చెదలు భయము, అచ్చుపుస్తకమునకు వాన భయము. అమ్మినవాని భయము మాత్రము ఇంతకుముందు పుస్తకమున కుండలేదు.

రెండవది బ్యాటరీ సంగతి. పాతబడిన బ్యాటరీ గల ఐఫోనులు హఠాత్తుగా ఆరిపోకుండునట్లు వాటి వేగమును తగ్గించితిమని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకొనెను. కారణము మంచిదే కావచ్చును. కాని వాడువారికి ముందుగా చెప్పలేదు. ఫోను ముసలిదైనదని తలచి ఎందఱు క్రొత్తది కొనిరో! బ్యాటరీ మార్చినచో చాలునని వారికి తెలియదు. కంపెనీవారు క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్చు రుసుమును తగ్గించిరి. 2020లో ఫ్రాన్సు దేశపు అధికారులు 2 కోట్ల 50 లక్షల యూరోల జుల్మానా విధించిరి. ఇంటి యెద్దు ముసలిదైనప్పుడు రైతునకు చెప్పకుండ దాని కాలికి త్రాడు కట్టువాడుండునా?

వేఱొకటి విడిభాగముల సంగతి. కొన్ని ఫోనులలో ప్రతి భాగమునకును ఒక సంఖ్య వ్రాసి, ఆ సంఖ్యకును ఫోనునకును ముడివేయుదురు. అదే కంపెనీ చేసిన మంచి భాగమును మఱియొక ఫోనునుండి తీసి అమర్చినను, ముడి కుదరలేదని ఫోను గొణుగును, లేదా కొన్ని పనులు మానివేయును. మన బజారులో నలుగురైదుగురు కుఱ్ఱవాండ్రు బల్లలు వేసికొని ఫోనులు బాగుచేసి కుటుంబములను పోషించుకొనుచున్నారు. ఈ ముడి వారి కడుపుమీద కొట్టును. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రము 2024లో ఈ పద్ధతిని నిషేధించు శాసనము చేసెను.

చట్టముల మాట వచ్చినది గనుక మఱికొంత చెప్పవలెను. అమెరికాలో 1998 నాటి ప్రతిహక్కుల చట్టము, ఇట్టి తాళములను తప్పించుటయే నేరమనునట్లు వ్రాయబడెను. తన ఫోను తాళమును తాను తీసినను నేరమే యగునా? ఈ ప్రశ్నమీద వాదములు జరిగి, 2010 జూలైలో ఫోనులకు మినహాయింపు ఇయ్యబడెను. ఆ మినహాయింపును మూడేండ్లకొకసారి మరల కోరవలసియుండును. ఒక టెలిఫోను కంపెనీకి కట్టుబడిన ఫోనును మఱియొక కంపెనీకి మార్చుకొను స్వేచ్ఛ అట్లే 2013లో పోగా, లక్షకు మించిన ప్రజలు సంతకములు చేసి ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. 2014 ఆగస్టులో శాసనముచేత అది తిరిగి వచ్చెను. మన దేశమున 2012లో ప్రతిహక్కుల చట్టమునకు చేర్చిన 65-ఏ సెక్షను కొంత వివేకము గలది. ఇతరుల హక్కును హరింపవలెనను ఉద్దేశముతో తాళము తప్పించుటనే అది నేరమనుచున్నది. ఉద్దేశమును చూడవలెననుట మంచి న్యాయము. 2022 డిసెంబరు 24వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు మరమ్మతు హక్కునకై ఒక ప్రత్యేక కేంద్రమును ఇంటర్నెట్టులో తెఱచిరి. వ్యవసాయ పనిముట్లు, ఫోనులు, గృహోపకరణములు, వాహనములు, వీనినిగుఱించి కంపెనీలు ఇచ్చు సమాచారము అందుండును. ఆ యేటనే అక్టోబరులో మన దేశపు పోటీ సంఘము, ఆండ్రాయిడ్ ఫోనుల విషయమున గూగుల్ తన బలమును దుర్వినియోగము చేసినదని రూ. 1,337.76 కోట్ల జుల్మానా విధించెను. అప్పీలులో 2023 మార్చిలో కొన్ని యాజ్ఞలు తొలగింపబడినను జుల్మానా నిలిచెను. ఐరోపావారు ఇంకను ముందుకు పోయిరి. 2024 మార్చి నుండి వారి దేశములలో ఐఫోనునకు కంపెనీ దుకాణము గాక ఇతర దుకాణములనుండియు యాపులు తెచ్చుకొనవచ్చును. 2027 ఫిబ్రవరి నుండి చేతి పరికరముల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు తప్ప, వాడువారే తీసి మార్చుకొనునట్లుండవలెనని అక్కడి చట్టము.

ఇక్కడ ఒక బాలుడు నన్నడిగిన ప్రశ్నను చెప్పక మానరాదు. "అయ్యా, ఇంటిలో మా నాన్నగారు నా ఫోనునకు తాళము వేసినారు. అదియు తప్పేనా?" అని. తరగతి యంతయు నవ్వినది. ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ప్రభుత్వ పాఠశాలలలో 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడును, పాఠములకే వాడుకొనునట్లు వాటికి కట్టడి చేసిరి. తండ్రి వేసిన తాళమునకును కంపెనీ తాళమునకును భేదమేమనగా, తండ్రి ఎదుటనే యున్నాడు. ఏల వేసితివని అడుగవచ్చును, బ్రతిమాలవచ్చును. పరీక్షలైన పిదప తీయుమనవచ్చును. కొడుకు పెరిగి పెద్దవాడైనప్పుడు ఆ తాళము దానంతటదే ఊడిపోవును. నలువది యేడుల వయస్సున నేను కొన్న ఫోనుమీది తాళమునకు అట్టి ముగింపు లేదు. అడుగుదమన్న ఎదుట మనిషి లేడు.

మా ట్యాబుల సంగతి కడవఱకు చెప్పెదను. పంపిన పూర్వవిద్యార్థికి ఉత్తరము వ్రాయగా వారు మిక్కిలి నొచ్చుకొనిరి. సమాచారము చెఱిపినంతనే సరిపోవునని వారనుకొనిరట. చెఱుపుటకు ముందు ఖాతానుండి పరికరమును విడిపింపవలెను. (ఇంటిలో పాతఫోను ఎవరికైన ఇచ్చువారు ఈ సంగతి మఱవకుందురు గాక.) పండ్రెండింటిని పండ్రెండుగురు ఉద్యోగులు వాడియుండిరి. వారిలో ఏడుగురు ఇంకను ఆ కార్యాలయముననే యున్నారు. ఒక ఆదివారము వారందఱును తమతమ ఖాతాలలో ట్యాబులను విడువగా, ఇక్కడ మా బల్లమీద ఒకటితరువాత ఒకటిగా ఏడును తెఱచుకొనినవి. ఇప్పుడు గ్రంథాలయములో మీరు నిఘంటువు చూచుకొనునవి ఆ యేడే.

తక్కిన ఐదింటిని వాడినవారు ఉద్యోగము మాని పోయిరి. ఇద్దఱు విదేశములలో నున్నారని విన్నాము. ముగ్గురి జాడ లేదు. చేసిన కంపెనీకి వ్రాసితిమి. అసలు కొన్నప్పటి రశీదు చూపినచో పరిశీలింతుమని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ రశీదు కార్యాలయమువారి పాతలెక్కలలో నెక్కడనో యుండవలెను, ఇంతవఱకు దొఱకలేదు. నిన్న మరల బజారులో ఆ కుఱ్ఱవాడు కలిసి, అద్దములకును బ్యాటరీలకును వెల కట్టి తీసికొందునని చెప్పినాడు. ఒక్కొక్కదానికి ఆఱువందల రూపాయలు చొప్పున ఇచ్చునట. ఐదును బీరువాలో పై యరలో నున్నవి. అప్పుడప్పుడు వాటికి విద్యుత్తు ఎక్కించుచుందును. అవి అడిగిన ప్రశ్ననే యడుగుచున్నవి.